పాత స్కూలు భవిష్యత్తు మీటింగు: వాలంటీర్లు ఇక్కడ పలకండి

కో-ఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. మన ఆదివారం తెలుగు క్లాసులు జరిగే ఎలిమెంటరీ స్కూలుని ఏం చేయాలన్న దాని మీద స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు (ఇక్కడ అమెరికాలో ఒక ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్ళని నడిపే సంస్థ) కసరత్తు మొదలుపెట్టారు. మరమ్మతులు చేయించడమా, పడగొట్టి కట్టడమా, పక్క స్కూల్లో కలిపేయడమా, ఏదీ తేలలేదు. తేలకముందే చుట్టుపక్కల వాళ్ళతో ఒక శనివారం కూర్చోవాలని ప్రిన్సిపాల్ గారి ఆలోచన. హాలు ఆవిడ ఇస్తారు, మనుషుల్ని మనం కూడగట్టాలి. తెలుగువాళ్ళని మాత్రమే కాదు, అందరినీ. పదిహేను మంది వాలంటీర్లు కావాలి.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఇంతకుముందు మేమున్న ఊళ్ళో ఇలాంటి మీటింగుకే వెళ్ళాను. గంటన్నరలో గంటా ఇరవై నిమిషాలు స్లైడ్లే. మిగిలిన పది నిమిషాల్లో మా అభిప్రాయం అడిగారు. అప్పటికే గోడ మీది బొమ్మలో కొత్త బిల్డింగు రంగులతో సహా తయారు. ముహూర్తం పెట్టేశాక పిల్ల నచ్చిందా అని అడిగినట్టుంది. మనది అలా కాకూడదు.

స్టేజి, సౌండు:
నేనున్నాను అక్కా. మైకులు రెండు చాలా? జనం రావాలంటే మొదట పిల్లల డ్యాన్సులు రెండు పెడదాం, తల్లిదండ్రులు ఎలాగూ వస్తారు. డిస్ట్రిక్ట్‌ని నడిపే స్కూల్ బోర్డు మెంబర్లని స్టేజి మీద కూర్చోబెట్టి తలో పది నిమిషాలు మాట్లాడిద్దాం. పోయినసారి శాలువాలు కూడా మిగిలాయి.

కో-ఆర్డినేటర్:
అన్నా, నువ్వు లేకపోతే మన ప్రోగ్రామ్ ఒక్కటీ నడవదు. కానీ ఈసారి స్టేజి వద్దు. ఎక్కినవాళ్ళు దిగరు, కింద ఉన్నవాళ్ళు నోరు తెరవరు. బోర్డు మెంబర్లు వస్తే సంతోషమే, అందరితో పాటు కుర్చీలో కూర్చుని వినమందాం. ఇక డ్యాన్సు అవ్వగానే ఆ తల్లిదండ్రులు పార్కింగ్ లాట్‌లో ఉంటారు, నీకు తెలియనిదా!

రెండో తరగతి బాబు వాళ్ళమ్మ:
నేను వస్తాను. కానీ మన వాట్సాప్ గ్రూపులో స్కూలు మూసేస్తున్నారని అప్పుడే తేల్చేశారండీ. ఇల్లు ఇప్పుడే అమ్మేస్తే మంచిదా అని ఒకావిడ అడిగింది. స్కూలు రేటింగ్ ఎంత, ఏ ఇల్లు ఏ స్కూలు కిందికన్న బౌండరీ మారితే ఎటు పడతాం, ఇవే గొడవలు. మా బాబు క్లాసులో సీలింగ్ టైల్ మీద గోధుమరంగు మరక ఒకటుంది, వాడు దానికి ఆఫ్రికా అని పేరు పెట్టాడు. వర్షాకాలంలో ఆఫ్రికా పెద్దదవుతుందట. హాల్లో అయితే మరకతో ఆగలేదు, కింద పసుపు బకెట్ పెట్టారు, మీరూ చూసే ఉంటారు. దాని గురించి గ్రూపులో ఒక్కళ్ళూ మాట్లాడరు.

సివిల్ ఇంజినీరు:
బిల్డింగు వరకూ నాకు వదిలేయండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లల సంఖ్య ఒక్కసారిగా పెరిగినప్పుడు గబగబా కట్టిన స్కూళ్ళలో ఇదొకటి. వయసు దాచుకోవాల్సిన పనేం లేదు. 2012-13లో అమెరికా కేంద్ర విద్యాశాఖ సర్వే చేస్తే ప్రభుత్వ స్కూళ్ళ మెయిన్ బిల్డింగుల సగటు వయసే 44 ఏళ్ళు తేలింది. ప్రభుత్వ ఖర్చుల మీద కాంగ్రెస్ తరఫున కన్నేసి ఉంచే జీఏఓ 2020లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, 41 శాతం డిస్ట్రిక్టుల్లో కనీసం సగం స్కూళ్ళకి హీటింగ్, కూలింగ్, గాలి వచ్చే ఏర్పాట్లు మార్చాలి. సుమారు 36,000 స్కూళ్ళ లెక్క అది. కాబట్టి ఇదేదో మన ప్రిన్సిపాల్ గారి అసమర్థత అన్నట్టు ఎవరైనా మాట్లాడితే అక్కడే ఆపాలి.

జనాన్ని ఊరికే కూర్చోబెట్టి మాట్లాడించే బదులు ముందు బిల్డింగంతా తిప్పుదాం. పదేసి మంది, అరగంట. క్లాసుల్లో కిటికీ కింద పొడుగాటి ఇనప పెట్టెలు ఉంటాయి చూశారా, బయటి గాలి లోపలికొచ్చేది వాటి నుంచే. మొన్న చూస్తే ఒక గదిలో దాని మీద లైబ్రరీ పుస్తకాలు, ఇంకో గదిలో మొక్కల కుండీలు. గాలి వచ్చే దారికే అడ్డం. నా దగ్గర కార్బన్ డయాక్సైడ్ మీటరుంది. బయట 420 దగ్గర చూపిస్తుంది, అంటే గాలిలో పది లక్షల పాళ్ళకి 420. తలుపులు మూసిన గదిలో పదిమందిని పావుగంట నిలబెడితే అంకె ఎలా పెరుగుతుందో వాళ్ళే చూస్తారు. నేను అరగంట ఉపన్యాసం ఇచ్చినా అంత ఎక్కదు.

రెండోది, భయాల సంగతి. పెయింటులో సీసాన్ని 1978లో నిషేధించారు, బిల్డింగు అంతకంటే పాతది, అడుగు పొరల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఆస్బెస్టాస్ గురించి 1986లో చట్టం వచ్చింది. దాని ప్రకారం ఆస్బెస్టాస్ ఎక్కడుందో, దాన్నేం చేస్తున్నారో ప్రతి స్కూలూ ఒక ప్లాన్ రాసి పెట్టుకోవాలి, మూడేళ్ళకోసారి మళ్ళీ తనిఖీ చేయించాలి. తల్లిదండ్రులు అడిగితే ఐదు పనిదినాల్లో ఆ కాగితాలు చూపించాలి. ఇప్పటికి అడిగినవాళ్ళు ఎంతమందో ప్రిన్సిపాల్ గారిని కనుక్కున్నాను. ఆవిడ వచ్చాక ఒక్కరూ లేరట. నేను అడిగేశాను, మీటింగునాడు ఆ ఫైలు టేబుల్ మీద ఉంటుంది. కదపకుండా, చెక్కుచెదరకుండా ఉన్న ఆస్బెస్టాస్‌తో ప్రమాదం తక్కువ. గోడలు కొట్టేటప్పుడే అసలు జాగ్రత్త. మరమ్మతా, కొత్తదా అన్న లెక్కలో ఆ ఖర్చు కూడా పడుతుంది.

ఆ లెక్క కూడా ఒక ముక్కలో చెప్పేస్తాను. బాగుచేయడానికయ్యే ఖర్చుని, అంతే బిల్డింగు కొత్తగా కట్టడానికయ్యే ఖర్చుతో భాగిస్తారు. కొత్తదానికి వంద అనుకుంటే, మరమ్మతుకి ఇరవై అయితే బాగుచేయించుకోవచ్చు, డెబ్భై అయితే ఆలోచించాలి. డిస్ట్రిక్ట్ వాళ్ళ రిపోర్టులో ఈ అంకె ఉంటుంది. కానీ కప్పు కారడం దీనికి కనబడుతుంది గానీ, నడిచి బడికొచ్చే పిల్లాడు కనబడడు. ఆ ఖాళీ పూరించాల్సింది మనమే.

కిందటేడు వచ్చిన కుర్రాడు:
అన్నా, నాకొక డౌటు. మనలో సగం మంది వీసాల మీద ఉన్నాం, ఓటు లేదు. అద్దెకుంటున్నాం, రేపు ప్రాజెక్టు మారితే ఊరే మారిపోతాం. మన మాట ఎవరు వింటారు?

కోశాధికారి:
తమ్ముడూ, ఓటు లేని మాట నిజమే. స్కూలు పనులకి డబ్బు బాండు ద్వారా, అంటే ప్రాపర్టీ టాక్స్‌తో తీర్చే అప్పుగా సేకరిస్తే జనం ఓటెయ్యాలి, ఆ ఓటు పౌరులది. కాలిఫోర్నియాలో 2000లో ప్రొపొజిషన్ 39 (ఓటర్లు నెగ్గించిన చట్టం) వచ్చాక 55 శాతం ఓట్లు వస్తే చాలు, అంతకుముందు మూడింట రెండొంతులు కావాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో 60 శాతం. మామూలు మెజారిటీ సరిపోని చోట ఇంటింటికీ తిరిగి చెప్పేవాళ్ళు లేకపోతే బాండు పడిపోతుంది. అలా చెప్పడానికి పాస్‌పోర్టు రంగుతో పని లేదు. బోర్డు మీటింగులో పబ్లిక్ కామెంట్‌కి పేరిచ్చి రెండు మూడు నిమిషాలు మాట్లాడడానికీ లేదు. పైగా ఇల్లు కొన్న గ్రీన్ కార్డు వాడు ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాడు, నువ్వు కట్టే అద్దెలోనూ అది ఉంది. మన తర్వాత ఆ అపార్ట్‌మెంట్‌లోకి ఇంకో కుటుంబం వస్తుంది, వాళ్ళకీ పిల్లలుంటారు.

ఇంకో విషయం, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. మన తెలుగు సంఘం 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ. బోర్డుకి పోటీ చేసేవాళ్ళెవరికీ మన తరఫున మద్దతు చెప్పకూడదు, అస్సలు. బాండు మీద అభిప్రాయం చెప్పడం వేరు, అది పరిమితంగా చేయొచ్చు. కానీ శాలువా కప్పుతున్న ఫొటో రేపు ఎవరి ప్రచార కరపత్రంలో తేలుతుందో మనకి తెలియదు. శాలువాలు లేవు. ఇది అక్క మాట కాదు, చట్టం మాట.

స్టేజి, సౌండు:
సరే సరే, శాలువాలు అటకెక్కించాను. బ్యానర్ అయినా గేటు దగ్గర కట్టనా?

కో-ఆర్డినేటర్:
అదీ ఆలోచించాను అన్నా. గేటు మీద మన బ్యానర్ కనబడితే ఎదురు వీధిలో ఉండే పెద్దావిడ 'ఇది వాళ్ళ ఫంక్షన్' అనుకుని వెనక్కి తిరుగుతుంది. స్కూలు పేరుతోనే బోర్డు పెడదాం. మన పేరు కింద చిన్నగా చాలు.

పిల్లలు లేని ఇళ్ళకి ఎవరు వెళ్తారు? వాళ్ళ ఓట్లే ఎక్కువ, వాళ్ళనే ఎవరూ పిలవరు. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి, డిస్ట్రిక్ట్ నుంచి దుబాసీని పంపమని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. మన పెద్దవాళ్ళకి తెలుగులో చెప్పడానికి నలుగురం ఉందాం. దయచేసి ఐదో తరగతి పిల్లల చేత అనువాదం చేయించకండి. సగం వాళ్ళకి అర్థం కాదు, మిగతా సగం వాళ్ళకి నచ్చినట్టు చెప్తారు.

మాస్టారు:
అమ్మా, నేను మా అబ్బాయి దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను, ఆదివారం క్లాసుల్లో అక్షరాలు దిద్దిస్తుంటాను. ముప్ఫయ్యేళ్ళు బళ్ళోనే గడిపినవాణ్ణి కాబట్టి ఒక మాట. బిల్డింగు గుట్టు హెడ్మాస్టరుకి తెలియదు, తాళాలు తెరిచేవాడికి తెలుస్తుంది. ఏ కుళాయి ఎప్పుడు ఆగింది, ఏ తలుపు వానకి ఉబ్బి పట్టేస్తుంది, అతన్ని అడగాలి. ఇక్కడ కస్టోడియన్ అంటున్నారు. ఆదివారాలు నన్ను చూసి ముందే తలుపు తీసి పెడతాడు, ఎందుకంటే ఆ పక్క వాలు లేదు, రెండు మెట్లున్నాయి, నా మోకాలికి అవి పడవు.

ఇంజినీరు గారూ, ఆ మెట్ల సంగతి కూడా రాసుకోండి.

సివిల్ ఇంజినీరు:
రాసుకున్నాను మాస్టారూ. వికలాంగుల హక్కుల చట్టం 1990లో వచ్చింది, ఈ బిల్డింగు దానికి చాలా ముందుది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు హాల్లోకి రావాలంటే వంటగది వెనక నుంచి తిరిగి రావాలి. తిప్పేటప్పుడు మొదటి గుంపుని ఆ దారినే తీసుకెళ్తాను.

హైస్కూలు వాలంటీరు:
హాయ్, నేను ఆ స్కూల్లోనే చదివాను. పిల్లల టేబుల్ నాకివ్వండి. స్కూలు మ్యాప్ పెద్ద పేపర్ మీద ప్రింట్ చేసి ఇష్టమైన చోట ఆకుపచ్చ స్టిక్కర్, భయమేసే చోట ఎర్ర స్టిక్కర్ పెట్టమందాం. నాకైతే పోర్టబుల్స్ (బయట పెట్టిన తాత్కాలిక క్లాసు గదులు) దగ్గరి బాత్రూమ్ ఎరుపు. మూడో తరగతిలో అక్కడికి వెళ్ళకుండా ఉండాలని నీళ్ళు తాగేవాణ్ణి కాదు. ఇది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

కో-ఆర్డినేటర్:
నాన్నా, ఆ టేబుల్ నీదే.

రెండో తరగతి బాబు వాళ్ళమ్మ:
మరి కలిపేయడం గురించి ఎవరూ మాట్లాడరేంటి? అందరి గుండెల్లో ఉన్నది అదేగా.

సివిల్ ఇంజినీరు:
మాట్లాడాలి, దాచకూడదు. ఈ దేశంలో 2007లో 43 లక్షల మంది పుట్టారు, 2023లో 36 లక్షలే. పుట్టినవాళ్ళు ఐదేళ్ళకి కిండర్‌గార్టెన్‌కి వస్తారు. గదులు ఖాళీ అయితే ఏ డిస్ట్రిక్ట్ అయినా ఈ లెక్క వేస్తుంది. మన చుట్టూ కొత్త ఇళ్ళు పడుతున్నాయా, అపార్ట్‌మెంట్లలో పిల్లలు పెరుగుతున్నారా తగ్గుతున్నారా, ఆ అంకెలు డిస్ట్రిక్ట్ మనిషి తెచ్చి చెప్పాలి. అంకె చెప్పకుండా 'ఏమీ నిర్ణయించలేదు' అంటే మాత్రం వాట్సాప్ గెలుస్తుంది.

కో-ఆర్డినేటర్:
అందుకే టేబుళ్ళ దగ్గర అడిగే ప్రశ్నలు ఇలా అనుకుంటున్నా. 'మీకేం కావాలి' అని అడగొద్దు, స్విమ్మింగ్ పూల్ అంటారు. మొదటి ప్రశ్న: స్కూలు ఎలా మారినా ఏది పోకూడదు? రెండోది: పక్క స్కూల్లో కలిపితే మీ పిల్లలు ఏ దారిన వెళ్తారు, మ్యాప్ మీద గీయండి. (పెద్ద రోడ్డు దాటాలని అప్పుడు తెలుస్తుంది చాలామందికి.) మూడోది: ఒక్కొక్కరికి పది గింజలు ఇస్తాం. కప్పు, గాలి, బాత్రూములు, మెట్లకి వాలు, కొత్త గదులు, ఆటస్థలం. ఎక్కడెన్ని వేస్తారో వేయండి. పది గింజలతో అన్నీ రావని చేతికి తెలియాలి. గింజ ఎక్కడ వేయాలో పక్కవాళ్ళతో వాదించుకున్నా మంచిదే, ఆ వాదన పక్కన కూర్చుని రాసేవాళ్ళు కావాలి.

రాసేవాళ్ళు జాగ్రత్తగా వినండి: వాళ్ళు అన్న మాటే రాయాలి, మీకు అర్థమైన సారాంశం కాదు. 'సదుపాయాల లేమి' అని రాయకండి, 'మూడో తరగతిలో నీళ్ళు తాగేవాణ్ణి కాదు' అని రాయండి.

రెండు షిఫ్టులు: పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, శనివారం పనికెళ్ళేవాళ్ళ కోసం. పిల్లల్ని చూసుకునే గది వేరే. రెండు వారాల్లో ఏం విన్నామో రాసి గోడకి అతికిద్దాం. డిస్ట్రిక్ట్ దేన్ని తీసుకుంది, దేన్ని వదిలేసింది, ఎందుకు వదిలేసింది అన్నది వాళ్ళు రాసి దాని పక్కన పెడతామని ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. ఆ ఎందుకు అన్న కాలమ్ కోసం నేను వెంటపడతాను, నా గురించి తెలుసుగా.

కిందటేడు వచ్చిన కుర్రాడు:
నేను ఎదురు వీధి ఇళ్ళకి వెళ్తాను అక్కా. శుక్రవారం సాయంత్రం ఎవరైనా తోడు రండి, ఒక్కణ్ణే తలుపు కొట్టాలంటే భయం.

మాస్టారు:
నేను వస్తాను బాబూ. నెమ్మదిగా నడుద్దాం.

కోశాధికారి:
గింజలు నేను తెస్తా. స్టిక్కర్లు, చార్టులు రసీదులతో సహా కావాలి, పోయినసారిలాగా కాదు.

కో-ఆర్డినేటర్:
కస్టోడియన్ ఒప్పుకున్నారు. బాయిలర్ గది కూడా తెరిచి చూపిస్తారట, కానీ ఒక్కసారికి నలుగురే.

స్టేజి, సౌండు:
అయితే శుక్రవారం రాత్రి హాలు సర్దేస్తా. కుర్చీలు గుండ్రంగా, మైకు ఒక్కటే, అది కూడా చేతిలో పట్టుకునేది. ఆ పసుపు బకెట్ తీయించనా? ఫొటోల్లో పడుతుంది.

కో-ఆర్డినేటర్:
తీయొద్దు అన్నా. మొదటి గుంపు అక్కడి నుంచే బయల్దేరుతుంది.