స్టెయిన్‌లెస్ స్టీలు మీద కటర్ మాడిపోతోంది, వేగం ఎంత పెట్టాలి?

ప్రశ్న: బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో మిల్లింగ్ మెషిన్ మీద పని చేస్తున్నాను. 304 రకం స్టెయిన్‌లెస్ దిమ్మె అంచున మెట్టు తీయాలి. కటర్ 10 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) ఎండ్ మిల్, నాలుగు పళ్లు. నిన్న అల్యూమినియంకు పెట్టిన 1200 ఆర్‌పీఎం అలాగే ఉంచాను. కటర్ విరుగుతుందన్న భయంతో ఫీడును, అంటే దిమ్మె కటర్‌లోకి జరిగే వేగాన్ని, నిమిషానికి 20 మి.మీ.కు తగ్గించాను. కాస్త దూరం నడవగానే కీచుమని అరుపు, పళ్ల మూలలు నల్లబడి అరిగిపోయాయి. ఉదయం నుంచి రెండు కటర్లు పోయాయి. ఫీడు ఇంకా తగ్గించాలా?

జవాబు: వద్దు తమ్ముడూ. కటర్ తిరిగే వేగం తగ్గించు, ఫీడు పెంచు.

హెచ్‌ఎస్‌ఎస్ అంచు 304 మీద నిమిషానికి 15 మీటర్ల దగ్గర నడిస్తే నిలుస్తుంది. నీది దాదాపు 38 మీటర్లు. 15ను 1000తో హెచ్చించి, వచ్చినదాన్ని 3.14తోనూ కటర్ వ్యాసంతోనూ భాగిస్తే 478 ఆర్‌పీఎం. నీ గేర్లలో 450 ఉంటే అది చాలు.

ఫీడు సంగతి ఇంకా ముఖ్యం. 1200 తిరుగుళ్లకు నాలుగు పళ్లంటే నిమిషానికి 4800 కోతలు. 20 మి.మీ.ను వాటికి పంచితే ఒక్కో పంటికి 0.004 మి.మీ. అంత పలచగా పన్ను కోయలేదు, రుద్దుతుంది. రుద్దినకొద్దీ స్టెయిన్‌లెస్ గట్టిపడుతుంది. తర్వాతి పన్ను ఆ గట్టి పొర మీదే పడుతుంది. పంటికి 0.03 చొప్పున లెక్కిస్తే 450 × 4 × 0.03, అంటే నిమిషానికి 54 మి.మీ. కూలెంట్ (చల్లబరిచే ద్రవం) ధార ఆగకూడదు. మధ్యలో ఫీడు ఆపి కటర్‌ను ఒకేచోట తిరగనివ్వకు.

ప్రశ్న అడిగినవారు: ఇప్పటికే రుద్దుకున్న చోటు అద్దంలా మెరుస్తోంది. ఆకురాయి కూడా సరిగా పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అదే గట్టిపడిన పొర. పైపైన గీకకుండా కొత్త కటర్‌తో అర మి.మీ. లోతు పెట్టి, ఆ పొర కిందినుంచి కోయి. మెషిన్ ఆపాక పొట్టును బ్రష్‌తో కాగితం మీదికి తీసి చూడు, చేత్తో ముట్టుకోవద్దు. పిండిలా ఉంటే ఇంకా రుద్దుతోందని అర్థం. చిన్న చిన్న పెచ్చులుగా రావాలి.

ప్రశ్న అడిగినవారు: 450, 54 పెట్టాను. అరుపు పోయింది, పెచ్చులు వస్తున్నాయి. మెట్టు పూర్తయింది, కటర్ మూలలు బాగానే ఉన్నాయి. చాలా కృతజ్ఞతలు అన్నగారూ. హెచ్‌ఎస్‌ఎస్ కన్నా గట్టిదైన కార్బైడ్ కటర్ అయితే వేగం ఎంత?

జవాబు: 60 మీటర్లతో మొదలుపెట్టు, 10 మి.మీ.కు సుమారు 1900 ఆర్‌పీఎం. కార్బైడ్‌తో పొట్టు నీలంగా వచ్చినా కంగారు పడకు. హెచ్‌ఎస్‌ఎస్‌తో అలా వస్తే మాత్రం వెంటనే ఆపి వేగం తగ్గించు.