ఏరియల్ అంటే జలకన్యేనా?

ప్రశ్న: మాకు మనవరాలు పుట్టిందండీ. అమ్మాయి, అల్లుడు డల్లాస్‌లో ఉంటారు. పాపకి ఏరియల్ అని పెడతామంటున్నారు, జలకన్య అని అర్థమట. నిజమేనా? మనవైపు అలాంటి పేర్లేమైనా ఉన్నాయా?

జవాబు: శుభమండీ, పాపకి మా ఆశీస్సులు. ఏరియల్‌కి మాత్రం ఆ అర్థం లేదు. అది హీబ్రూ పేరు, ‘దేవుని సింహం’ అని చెబుతారు. తెలుగు బైబిల్‌లో యెషయా 29వ అధ్యాయం తీస్తే మొదటి వచనంలోనే ‘అరీయేలు’ కనిపిస్తుంది. అక్కడ అది యెరూషలేముకి పేరు. ఎజ్రా గ్రంథంలో ఒక మగవాడి పేరు. దాన్ని జలకన్యకి పెట్టింది 1989 నాటి డిస్నీ సినిమా. ఆ సినిమాకి ఆధారమైన డెన్మార్క్ రచయిత ఆండర్సన్ కథ 1837లో వచ్చింది, అందులో ఆ పిల్లకి అసలు పేరే లేదు.

నీళ్ల అర్థమే కావాలంటే ఆన్‌డీన్ ఉంది. లాటిన్‌లో ‘ఉండా’ అంటే అల. లోరెలై కూడా వినసొంపుగా ఉంటుంది కానీ అది మొదట జర్మనీలో రైన్ నది ఒడ్డునున్న కొండరాయి పేరు. 1801లో బ్రెంటానో అనే కవి ఆ పేరుతో ఒక అమ్మాయి కథ అల్లాకే అది ఆడపిల్ల పేరయింది.

నాకు బాగా నచ్చేది ఐర్లండ్ పేరు, ముయిర్గెన్. లీ బాన్ అనే ఆవిడ ఊరు మునిగిపోతే, సగం సాల్మన్ చేపగా మారి 300 ఏళ్లు నీళ్లలో బతికిందట. చివరికి వలలో పడితే కోమ్‌గాల్ అనే సాధువు బాప్తిస్మమిచ్చి ఈ పేరు పెట్టాడు. అర్థం ‘సముద్రంలో పుట్టినది’. అచ్చంగా మన సింధుజ! పాలసముద్రంలో పుట్టిన లక్ష్మీదేవికి మనం చెప్పుకునే పేరు.

ప్రశ్న: మరి మత్స్యగంధి? మీనాక్షి?

జవాబు: మీనాక్షి అంటే చేపల్లాంటి కళ్లున్నది, అంతవరకే. మత్స్యగంధి చేప కడుపున పుట్టింది కానీ తోక లేదు, పూర్తిగా మనిషే. శాపం వల్ల యమునలో చేపగా ఉన్న అద్రిక అనే అప్సరస ఆమె తల్లి. పరాశరుడి వరంతో ఆమె యోజనగంధి అయింది. మత్స్యగంధి అని ఎవరూ పెట్టుకోరు గానీ ఆవిడ అసలు పేరు సత్యవతి మన ఇళ్లలో ఎంతమందికి ఉందో! గోదావరి జిల్లాల్లో ఆ పేరు ఎక్కువగా అన్నవరం అమ్మవారిని తలచుకుని పెడతారనుకోండి, అది వేరే సంగతి.

నడుం కింద చేప తోకతో, పేరూ ఊరూ ఉన్న జలకన్య కావాలంటే థాయిలాండ్ వెళ్లాలి. అక్కడి రామాయణం రామకియన్‌లో రావణుడి కూతురు సువణ్ణమచ్ఛ ఉంది. వానరులు సేతువుకి వేసిన రాళ్లను ఆమె చేపల చేత తీయించేస్తుంటే హనుమంతుడు నీళ్లలోకి దూకి పట్టుకుంటాడు. ఇద్దరికీ ప్రేమ పుడుతుంది, కొడుకు మచ్ఛను పుడతాడు. మన మైరావణుడి కథలో హనుమంతుడి కొడుకు మత్స్యవల్లభుడు గుర్తొస్తాడు కదూ? ఆమె బొమ్మను అక్కడ అదృష్టం కోసం దుకాణాల్లో వేలాడదీస్తారు. పేరు పాళీ మాట, మన సువర్ణమత్స్యమే.

ప్రశ్న: సువర్ణ అంటే పాతకాలం పేరు అంటారేమోనండీ పిల్లలు.

జవాబు: అనొచ్చు. అయినా ఈ కథ చెప్పి చూడండి. వద్దంటే సింధుజ ఉండనే ఉంది, అమెరికా బడిలో ముద్దుగా సింధు అని పిలుచుకుంటారు. ఏరియల్ మీదే మనసుంటే అదే పెట్టుకోమనండి. అర్థం అడిగినవాళ్లకి మాత్రం సింహం అని చెప్పాలి.