పిల్లలతో కూరలు తినిపించే ఆన్‌లైన్ గేమ్ ఏదైనా ఉందా?

పటమట అమ్మ: మావాడికి ఆరేళ్లు. దొండకాయ వేపుడు పెడితే ముక్కలన్నీ ఏరి కంచం అంచున పేరుస్తాడు. ఫోన్ ఇస్తేనే ముద్ద దిగుతుంది. ఎలాగూ చూస్తున్నాడు కదా, తిండి గురించి నేర్పే గేమ్ చెప్పండి.

గుంటూరు పిన్ని: అమెరికా వ్యవసాయ శాఖలో ఏం తినాలో చెప్పే మైప్లేట్ కార్యక్రమం వాళ్లది రాకెట్ గేమ్ ఒకటుంది. మంచి తిండి, వ్యాయామం ఎంచుకుంటే రాకెట్‌కి ఇంధనం. మా పాపకి తెగ నచ్చింది. గోంగూర కోసం మాత్రం వెతక్కండి!

బెంజి సర్కిల్ బాబాయ్: గేమ్ సరే, కంచం ముందు ఫోన్ వద్దమ్మా. అన్నం తిన్నాకే ఆడనివ్వండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024లో ఇచ్చిన పళ్లెం బొమ్మలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకు 400 గ్రాములు. అది 2000 కేలరీల లెక్క, పిల్లలకు అంత అక్కర్లేదు. రైతు బజార్‌కి తీసుకెళ్లి వాడినే ఒక కూర ఏరమనండి, అదే వండండి.

పటమట అమ్మ: ఆదివారం తీసుకెళ్తాను బాబాయ్ గారూ. కాకరకాయ ఏరితే మా ఆయన పనీ అయినట్టే.