బడిలో పిల్లలకు శాస్త్రీయ సంగీతం వినిపించడం: ఏ పాటతో మొదలుపెట్టాలి?

కందుకూరు టీచర్:
కందుకూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతికి తెలుగు చెబుతాను. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పిల్లలు తూగుతుంటారు. ఆ పీరియడ్ మొదట్లో రోజూ కాసేపు కర్ణాటక సంగీతం వినిపిద్దామని స్పీకర్ కొన్నాను. ‘ఎందరో మహానుభావులు’ పెడితే, ముందు రాగాలాపన వినగానే వెనక బెంచీలవాళ్లు గొల్లున నవ్వారు. చాలామంది అమ్మానాన్నలు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పనికి పోయేవాళ్లు. ఇళ్లలో ఈ సంగీతం వినపడదు. బడిలోనైనా వినాలని నా పట్టుదల. ఏ పాట పెట్టాలి? అర్థం ముందే చెప్పాలా?

ఒంగోలు సంగీతం మాస్టారు:
అమ్మా, అది చాలా పెద్ద కీర్తన. ఆ వయసుకు మూడు నాలుగు నిమిషాలు చాలు. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు పెట్టండి. ఇంగ్లీషు బ్యాండు ట్యూన్లు విని, వాటికి ఆయన సంస్కృతంలో సాహిత్యం కట్టారు. శంకరాభరణం రాగం స్వరాలే, గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దాదాపు ఉండవు. ‘శక్తిసహిత గణపతిం’ నాలుగు రోజులు వింటే పిల్లలు వాళ్లంతట వాళ్లే పాడేస్తారు. అర్థం తర్వాత, వాళ్లు అడిగినప్పుడు చెప్పండి.

ఆ తర్వాత హంసధ్వని రాగంలో ‘వాతాపి గణపతిం’. ఆదితాళం నేర్పండి: అరచేత్తో ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, మళ్లీ దెబ్బ, అరచెయ్యి తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. పల్లవిలో అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి, ప్రతిసారీ వరుస కొంచెం మారుతుంది. వాటినే సంగతులంటాం. మారినప్పుడల్లా చెయ్యెత్తమనండి. నవ్వే పిల్లలే ముందు ఎత్తుతారు, చూడండి! ఒకే పాట వారమంతా వినిపించాలి. రోజుకొకటి మారిస్తే ఏదీ చెవిలో నిలవదు.

కరవది రైతు:
మేడమ్, నాదస్వరం వినిపించండి. పెళ్లిళ్లలో విన్నదే కాబట్టి పిల్లలకు కొత్తగా ఉండదు. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు 1924లో ఒంగోలు దగ్గర మా కరవదిలోనే పుట్టారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. మన పక్క ఊరాయన ఇంత గొప్పగా వాయించారని తెలిస్తే ఏ పిల్లాడైనా చెవి పెడతాడు. మీరు పెట్టిన ‘ఎందరో మహానుభావులు’ రాసిన త్యాగరాజస్వామి పూర్వీకులది కూడా మన కంభం వైపు కాకర్లే అంటారు.

నెల్లూరు అమ్మ:
ఒక్క మాట టీచర్ గారూ, దీనికి పరీక్ష మాత్రం పెట్టొద్దు. మా పాప చదివిన బడిలో రాగాల పేర్లు బట్టీ పట్టించి మార్కులు వేశారు. ఇప్పుడు పాట పెడితే లేచి వెళ్లిపోతుంది. నాకు ఎంత బాధో చెప్పలేను.

కందుకూరు టీచర్:
పరీక్ష పెట్టనండీ, మాట ఇస్తున్నాను. సోమవారం నొట్టుస్వరం, పై వారం నాదస్వరం. మాస్టారూ, స్పీకర్ చిన్నది. చివరి బెంచీకి వినపడాలంటే ఎక్కడ పెట్టాలి?

ఒంగోలు సంగీతం మాస్టారు:
బల్ల మీద వద్దమ్మా, గది మధ్యలో స్టూలు వేసి పెట్టండి. పాట అయ్యేదాకా ఫ్యాన్లు ఆపండి. ఎండలు ముదిరితే మధ్యాహ్నం మానేసి, పొద్దున ప్రార్థన కాగానే పెట్టుకోండి.