అదనపు ఫీల్డ్‌ల విలువలను ఏ టేబుల్‌లో పెట్టాలి?

ప్రాజెక్టు పనులను నమోదు చేసే సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ప్రతి బృందం తనకు కావలసిన ఫీల్డ్‌లను తానే చేర్చుకోగలగాలి. ప్రస్తుతం పని ఐడీ, ఫీల్డ్ ఐడీ, విలువ అనే 3 కాలమ్‌లతో ఒకే టేబుల్ ఉంది. విలువలన్నీ టెక్స్ట్‌గానే ఉండటంతో, వరుసలో పెట్టమంటే 9 కంటే ముందు 10 వస్తోంది. గడువు తేదీలో ఎవరో "రేపు" అని రాసినా డేటాబేస్ కిమ్మనలేదు. అది నన్ను నిజంగా కలవరపెట్టింది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జేసన్‌బీ కాలమ్‌కు (అదనపు ఫీల్డ్‌లన్నిటినీ పేరు-విలువ జతలుగా ఒకేచోట ఉంచేది) జిన్ ఇండెక్స్ (లోపలి విలువలను త్వరగా వెతికిపెట్టే సూచిక) పెడితే వెతకడం తేలికే. కానీ పని బాధ్యుల ఐడీ అందులోకి వెళితే ఫారిన్ కీ రక్షణ, అంటే ఆ ఐడీ గల వ్యక్తి నిజంగా ఉన్నారో లేదో డేటాబేసే చూసుకోవడం, పోతుంది. సంఖ్యలకు, తేదీలకు, వ్యక్తులకు వేర్వేరు టేబుళ్లే మేలనిపిస్తోంది. ఇలా నడిపినవారు ఉన్నారా? ఫీల్డ్ రకం మధ్యలో మార్చినప్పుడు పాత విలువలను ఏం చేశారు? దయచేసి చెప్పండి.