టారో నేర్చుకోవడానికి ఒక్క డెక్ చాలదా? ఇన్ని కొనడం ఎందుకు?

కొత్తచేతులు (బెంగళూరు, కె.ఆర్.పురం)
నమస్కారం. టారో కార్డులు (జోస్యానికి వాడే బొమ్మల ముక్కలు) చదవడం నేర్చుకోవాలని కొంతకాలంగా ప్రయత్నిస్తున్నాను. మొదట చర్చ్ స్ట్రీట్‌లోని ఒక పుస్తకాల దుకాణంలో, ఎక్కువమంది వాడే రైడర్ వేయిట్ డెక్ (కార్డుల కట్ట) కొన్నాను. ఆ తర్వాత పిల్లుల బొమ్మలున్నది ఒకటి, నల్లటి అంచులున్నది ఒకటి, పాత ఫ్రెంచి మార్సెయ్ పద్ధతిలోనిది ఒకటి వచ్చి చేరాయి. ఇప్పుడు ఏది తీసినా గైడ్‌బుక్ తెరవకుండా నోరు పెగలడం లేదు. నాతో గదిలో ఉండే స్నేహితురాలు మిగతావన్నీ అటక మీద పడేసి ఒక్కటే పట్టుకోమంటోంది. నాకేమో ఒకే కార్డును ఒక్కొక్కరు ఒక్కో రకంగా వేసిన తీరు చూస్తుంటేనే ఆసక్తి పుడుతోంది. అనుభవం ఉన్నవారు చెప్పండి. ఒక్క డెక్‌కే కట్టుబడాలా?

ఒంటికట్ట (చెన్నై, అంబత్తూరు)
కట్టుబడాలి. ఇందులో రెండో మాట లేదు.

డెక్‌లో 78 కార్డులు. 22 మేజర్ ఆర్కానా (టవర్, స్ట్రెంగ్త్ వంటి పేర్లున్న పెద్ద కార్డులు), 56 మైనర్ ఆర్కానా (పేకముక్కల్లా నాలుగు జాతుల చిన్న కార్డులు). ఇవన్నీ మనసుకు పట్టాలంటే ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ కంటబడాలి. ఫైవ్ ఆఫ్ కప్స్ తీసుకోండి. నల్లటి అంగీ కప్పుకున్న మనిషి, అతని ముందు ఒలికిపోయిన మూడు పాత్రలు. మొదటిసారి చూసినవారికి దుఃఖం ఒక్కటే కనబడుతుంది. చాలాసార్లు చూశాకే అతని వెనక నిలబడి ఉన్న రెండు పాత్రల మీద దృష్టి పడుతుంది. ఆ తర్వాత ఎప్పటికో ఏటి మీద వంతెన కనబడుతుంది. మార్సెయ్ డెక్‌లో అదే కార్డు మీద ఐదు పాత్రలు, వాటి మధ్య పూలతీగ. అంతే. మనిషీ లేడు, వంతెనా లేదు. అక్కడ అంకెను బట్టి చదవాలి, ఇక్కడ బొమ్మను బట్టి చదవాలి. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏదీ రాదు.

అంకెలు కూడా కలవవు. రైడర్ వేయిట్‌లో స్ట్రెంగ్త్ 8, జస్టిస్ 11. మార్సెయ్‌లో అవి తారుమారు. అలిస్టర్ క్రౌలీ రూపొందించిన థోత్ డెక్‌కు వెళితే పేజ్, కింగ్ అనే కార్డులే ఉండవు. ప్రిన్సెస్, ప్రిన్స్, క్వీన్, నైట్ ఉంటాయి. కొత్తవారికి ఇంత గందరగోళం ఎందుకు?

ఖరీదైనది కూడా అక్కరలేదు. ఆన్‌లైన్‌లో మూడు వందలకు చిన్న రేకు డబ్బాలో వచ్చే డెక్ చాలు.

తుంగభద్ర (బెంగళూరు, మల్లేశ్వరం)
రేకు డబ్బాలో వచ్చేవి దొంగ ముద్రణలని మీకు తెలుసా? తెలిసే కొనమంటున్నారా? కొత్తవారికి మొదటి సలహాగా దొంగసొత్తు కొనమనడం నాకు నచ్చలేదు.

ఇక అసలు ప్రశ్న. కొత్తచేతులు గారూ, మీ ఆసక్తిని అటక మీద పెట్టకండి. ఒక కార్డు తీసుకుని మీ నాలుగు డెక్‌లలోంచీ దాన్ని బయటికి తీసి పక్కపక్కన పరవండి. నాలుగింటిలోనూ మారనిది ఏదో అదే ఆ కార్డు సారం. మారినది ఆ చిత్రకారుని ఊహ. ఒక్క డెక్‌తో నేర్చుకున్నవారికి ఈ రెండింటికీ తేడా తెలియదు. వంతెన ఉంది కాబట్టి కార్డుకు ఆ అర్థం ఉందనుకుంటారు. ఆ వంతెన రైడర్ వేయిట్ బొమ్మలు గీసిన పమేలా కోల్మన్ స్మిత్ వేసింది.

ఆ పమేలా స్మిత్ సంగతే చూడండి. 15వ శతాబ్దం చివర ఇటలీలో తయారైన సోలా బుస్కా అనే డెక్ ఉంది. అందులో మైనర్ కార్డుల మీద కూడా మనుషుల బొమ్మలుంటాయి. దాని ఫోటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. స్మిత్ బొమ్మలతో రైడర్ వేయిట్ డెక్ వచ్చింది 1909లో. రెండింటిలోనూ త్రీ ఆఫ్ సోర్డ్స్ చూడండి, గుండెలో దిగిన మూడు కత్తులు. మీరు ఏకైక డెక్ అంటున్నది కూడా ఇంకో డెక్‌ను చూసి నేర్చుకున్నదే.

పేకముక్క (చెన్నై, వడపళని)
మీరిద్దరూ అసలు విషయం వదిలేశారు. టారో అసలు ఒక ఆట. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీ దొరల ఇళ్ళలో ఆడుకోవడానికి పుట్టింది. మిలాన్‌ను ఏలిన విస్కోంతి-స్ఫోర్జా కుటుంబాలు బంగారు రేకు అద్ది వేయించుకున్న ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఈనాటికీ టారో ఆడతారు. ఇందులో ఈజిప్టు రహస్యం దాగి ఉందని 1781లో ఫ్రెంచి పండితుడు కూర్ ద జెబెలిన్ రాసే దాకా అటువంటి మాట పెద్దగా వినబడలేదు. ఆయనకు ఈజిప్టు లిపి చదవడం కూడా రాదు. అప్పటికి దాన్ని ఎవరూ చదవలేదు.

ఒంటికట్ట
పేకముక్క గారూ, అది వేరే చర్చ.

తుంగభద్ర గారూ, "దొంగసొత్తు" అన్నారు. నేను చెప్పింది 1909 నాటి బొమ్మల గురించి. వాటికి ఇప్పుడు యజమాని ఎవరు?

తుంగభద్ర
మీరు 1909 అనలేదు. "రేకు డబ్బాలో వచ్చే డెక్" అన్నారు. పైకి వెళ్ళి మీరు రాసింది మీరే చదవండి.

నల్లకోటు (చెన్నై)
చట్టం ప్రకారం చెబుతాను. మన దేశంలో చిత్రకారులు చనిపోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. పమేలా స్మిత్ 1951లో చనిపోయారు. కాబట్టి ఆమె బొమ్మల మీద ఇక్కడ హక్కు 2011తో ముగిసింది. బ్రిటన్‌లో 70 ఏళ్ళు, అక్కడా 2021తో ముగిసింది. పాత బొమ్మలను ఎవరు అచ్చువేసినా నేరం కాదు. కొత్తగా రంగులు వేసి, కొత్త గైడ్‌బుక్ రాసిన ముద్రణలకు మాత్రం వాటి హక్కులు వాటికి ఉండవచ్చు.

ఒంటికట్ట
ధన్యవాదాలు. నేను అన్నది అదే.

తుంగభద్ర
అదే కాదు. ఆ రేకు డబ్బాల్లో పాత బొమ్మలు ఎన్ని, బతికున్న చిత్రకారుల బొమ్మలు ఎన్ని? దుకాణం పేజీ ఒక్కసారి తెరిచి చూడండి. చట్టం అనుమతించినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కూడా కాదు. స్మిత్ ఆ బొమ్మలన్నీ వేసి, పని చాలా పెద్దది, చేతికొచ్చిన డబ్బు బహు తక్కువ అని 1909 నవంబరులో అమెరికా ఫోటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్‌కు ఉత్తరం రాసింది. వందేళ్ళకు పైగా ప్రపంచమంతా అమ్ముడుపోయిన బొమ్మలవి. డెక్ పేరులో అచ్చువేసిన రైడర్ ఉన్నాడు, గీయించిన వేయిట్ ఉన్నాడు. గీసిన మనిషి పేరు దశాబ్దాల పాటు లేదు.

అడయార్ గాలి
చెన్నైలో ఉన్నవారికి ఒక మాట. బంగారు అంచు డెక్‌లు కొనకండి. ఇక్కడి ఉక్కకు అంచులు ఒకదానికొకటి అంటుకుంటాయి, విడదీస్తే పూత ఊడుతుంది. నా డెక్‌లు రెండు వానాకాలంలో విల్లులా వంగాయి. సిలికా పొట్లాలు వేసి గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి.

కొత్తచేతులు
నా పిల్లుల డెక్ కూడా రేకు డబ్బాలోనే వచ్చింది. అది దొంగ ముద్రణో కాదో ఎలా తెలుస్తుంది?

తుంగభద్ర
గైడ్‌బుక్ ఉందా, లేక దాని బదులు ఫోనుతో స్కాన్ చేయమని ఒక గళ్ళ గుర్తు మాత్రమే ఉందా చూడండి. దొంగ ముద్రణ అయితే పెట్టె మీద గానీ కార్డుల మీద గానీ చిత్రకారుని పేరు ఉండదు. సన్న గీతలు మసకగా, ముదురు రంగులు మరీ నల్లగా పడతాయి. అసలు డెక్ కంటే కార్డు చిన్నదిగా ఉంటుంది. చిత్రకారుని సొంత పేజీలో దాని ధర వెతికి, మీరు ఇచ్చిన ధరతో పోల్చండి. రేకు డబ్బాలో వచ్చిన ప్రతిదీ దొంగది కాదు, కొన్ని ప్రచురణ సంస్థలు నిజంగానే అలా అమ్ముతాయి. పేరు లేకపోవడమే అన్నిటికంటే పెద్ద గుర్తు.

ఒంటికట్ట
చూశారా, "రేకు డబ్బాలో వచ్చిన ప్రతిదీ దొంగది కాదు" అని మీరే అంటున్నారు. ఇందాక నేను దొంగసొత్తు కొనమన్నానన్నారు. కొత్తగా నేర్చుకునే పిల్ల దగ్గర ఉన్న డబ్బెంత? మీలాంటి సేకర్తలు అలమారా నింపుకుని, అదే విద్య అన్నట్టు మాట్లాడితే ఇలాంటివారంతా జీతం డెక్‌ల మీద తగలేస్తారు. విదేశాల నుంచి తెప్పిస్తే పైన కస్టమ్స్ సుంకం. కొనడం వేరు, నేర్చుకోవడం వేరు.

తుంగభద్ర
సరే, మీరు అలమారా ఎత్తారు కాబట్టి చెబుతాను. నా వృత్తి బొమ్మలు వేయడం. ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు కూర్చుని 78 బొమ్మలు వేశాను. దాచుకున్న డబ్బుతో కొద్ది ప్రతులు అచ్చువేయించాను. నెలలు తిరగకముందే నా బొమ్మలు రేకు డబ్బాలో, నా పేరు లేకుండా, నేను పెట్టిన ధరలో అయిదో వంతుకు ఆన్‌లైన్‌లో కనబడ్డాయి. ఫిర్యాదు చేస్తే ఒక పేజీ తీసేశారు, ఇంకో పేరుతో మళ్ళీ వచ్చింది. నా గదిలో మిగిలిన ప్రతులు ఇంకా అలాగే ఉన్నాయి. రెండో డెక్ వేయాలనే కోరిక ఉంది, ధైర్యం లేదు. "మూడు వందల డెక్ చాలు" అని మీరు రాసిన వాక్యం నాకు ఎలా తగిలి ఉంటుందో ఆలోచించండి. నేను డెక్‌లు కొనేది ఇంకో చిత్రకారునికి ఆ గతి పట్టకూడదని. దాన్ని వ్యామోహం అని తీసిపారేయకండి.

మైలాపూరు నీడ
మా వీధి చివర చిలక జోస్యం చెప్పే ఆయన దగ్గర ఉండేదీ ఒక్క కట్టే, దేవుళ్ళ బొమ్మలు. ఇప్పుడు ఆయనా లేడు. చిలకను పట్టి పంజరంలో పెట్టడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఒంటికట్ట
తుంగభద్ర గారూ, మీకు జరిగింది అన్యాయం. దాని గురించి నాకు వాదన లేదు. కానీ నా మాట వెనక కూడా ఒక ఇల్లు ఉంది, వినండి.

మా అక్క కాపురం చెడిన రోజుల్లో ఒక టారో రీడర్ దగ్గరికి వెళ్ళేది. ఆవిడ గది నిండా డెక్‌లే. "ఆయన తిరిగి వస్తాడా" అని మా అక్క అడిగింది. కూలుతున్న బురుజు బొమ్మ ఉన్న టవర్ కార్డు పడింది. ఈ డెక్ మీ శక్తికి సరిపడలేదు, ఇంకోటి తీద్దాం అంది ఆవిడ. దానికి వేరే రుసుము. మళ్ళీ మంచి కార్డు రాలేదు. మూడో డెక్, ఇంకో రుసుము. చివరికి జంట కలయికను చూపే టూ ఆఫ్ కప్స్ పడింది. ఇదే నిజం, ఎదురుచూడండి అని పంపింది. మా అక్క ఎదురుచూసింది. వకీలు తయారుచేసిన కాగితాల మీద రెండేళ్ళు సంతకం పెట్టలేదు. ఆ రెండేళ్ళలో ఉద్యోగం వదులుకుంది, నగలు పోయాయి. ఆయన రాలేదు.

అందుకే అంటున్నాను ఒక్క కట్ట అని. పడిన కార్డు పడినట్టే. నచ్చలేదని ఇంకో పెట్టె తెరిచే అవకాశం చదివేవారికి ఉండకూడదు.

పేకముక్క
బాధ అర్థమైంది. కానీ ఆ ముక్కకు అంత అధికారం ఎవరిచ్చారు? మైసూరు రాజు మూడో కృష్ణరాజ ఒడయార్ కొత్త కొత్త గంజీఫా (చేత్తో బొమ్మలు వేసిన పాతకాలపు పేక) ఆటలు కల్పించి శ్రీతత్త్వనిధి అనే గ్రంథంలో రాయించాడు. దశావతార గంజీఫాలో 120 ముక్కలు, ప్రతి ముక్క మీద దేవుడో, ఆయన గుర్తో. వాటితో ఆడుకున్నారే తప్ప, నీ మొగుడు వస్తాడా అని అడగలేదు.

తుంగభద్ర
ఒంటికట్ట గారూ, మీ అక్కగారి విషయం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ రీడర్ చేసింది మోసం. అయితే ఆవిడ ఒక్క డెక్‌తోనే కూర్చున్నా, "మళ్ళీ కలిపి తీద్దాం" అని అదే మోసం చేసి ఉండేది. దోషం డెక్‌ల సంఖ్యలో లేదు.

నేను ఒకే ప్రశ్నకు రెండో డెక్ తీస్తాను, నా కోసం. దాచను. నాకు కార్డు తీర్పు కాదు. ఎయిట్ ఆఫ్ సోర్డ్స్‌లో కళ్ళకు గంతలు కట్టుకున్న స్త్రీని ఒక చిత్రకారుడు నిస్సహాయంగా వేస్తే, ఇంకొకరు ఆమె కట్లు వదులుగా ఉన్నాయని చూపిస్తారు. రెండూ చూశాక నా పరిస్థితి గురించి నేను మెరుగ్గా ఆలోచిస్తాను. భవిష్యత్తు అందులో ఉందని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఒంటికట్ట
అయితే మన తగాదా ఇక్కడుంది. ఇంతసేపూ రేకు డబ్బాల గురించి పోట్లాడాం. నాకు కార్డు తీర్పే. కలిపినప్పుడు పడినది పడడానికి ఒక కారణం ఉందని నమ్ముతాను. ఆ నమ్మకం లేకపోతే నేను కార్డులే పట్టుకోను. మీరు చేసేది చిత్రాలు చూడడం. మంచిదే. దాన్ని రీడింగ్ అని ఇంకొకరికి చెప్పి డబ్బు తీసుకోకండి.

తుంగభద్ర
నేను ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను. కానీ మీ షరతు తిప్పి మీకే పెడతాను. తీర్పు అని నమ్మేవారు టవర్ పడిన మనిషిని ఏమని ఇంటికి పంపుతారు? మీ అక్కగారికి ఆ మొదటి టవర్‌నే తీర్పుగా చెప్పి ఉంటే ఏమయ్యేది?

ఒంటికట్ట
సంతకం పెట్టేది. ఉద్యోగం మిగిలేది.

తుంగభద్ర
మీ అక్కగారు పెట్టేవారేమో. అదే కార్డు చూసి ఇంకొకరు బాగుపడే కాపురం కూడా వదులుకోవచ్చు. అందుకే తీర్పు అనడం నాకు భయం. ఇందులో మనం కలవం.

కొత్తచేతులు
మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. పిల్లుల డెక్ మీద పేరు లేదు, గైడ్‌బుక్ లేదు. దాన్ని ఎవరికీ అమ్మను, ఇవ్వను. రోజూ ఒక కార్డు రైడర్ వేయిట్‌లో తీసి, దాని గురించి నా మాటల్లో రాసుకున్నాకే మిగతా రెండు డెక్‌లలో అదే కార్డు తెరుస్తాను. ఇతరులకు చదవడం ఇప్పట్లో లేదు. ఒక్క సందేహం మిగిలింది. తలకిందులుగా పడిన కార్డును వేరుగా చదవాలా?

ఒంటికట్ట
చదవాలి. అలా పడిందంటే అలాగే చదవాలి.

తుంగభద్ర
మొదటి ఏడాది వద్దు. 78 అర్థాలే నిలవనప్పుడు వాటిని 156 చేసుకోకండి. అన్నీ నిటారుగా సర్దుకుని కలపండి.