జైసల్మేర్ కోట లోపల బస చేయడం తప్పా?

కృష్ణాతీరం: డిసెంబర్‌లో అమ్మానాన్నలను తీసుకుని జైసల్మేర్ వెళ్తున్నాం. పాత ఊరంతా నడిపిస్తూ చూపించే టూర్ ఒకటి మాట్లాడాను. పొద్దున్నే కోట, అందులోని జైన గుళ్ళు, లక్ష్మీనాథ్ గుడి. తర్వాత కిందికి దిగి హవేలీలు, అంటే పాతకాలపు సంపన్నుల పెద్ద భవనాలు: పట్వాల హవేలీలు, నథ్మల్ హవేలీ, సలీంసింగ్ హవేలీ. ప్యాకేజీలో రెండు రాత్రుల బస కోట లోపలి హోటల్లోనే. ఫొటోలు చూస్తుంటే అక్కడే ఉండాలనిపిస్తోంది. మా ఆఫీసులో ఒకాయన మాత్రం "లోపల దిగకు, మీలాంటి వాళ్ళ స్నానాలకే ఆ కోట కూలిపోతోంది" అన్నాడు. నిజమేనా? అడ్వాన్స్ ఇంకా కట్టలేదు.

ఇసుకరాయి: నిజమే అండీ. 1156లో రావల్ జైసల్ అనే రాజు మొదలుపెట్టిన కోట అది. వందల ఏళ్ళ పాటు ఆ కొండ మీదికి నీళ్ళంటే చాలావరకు కింది గడీసర్ చెరువు నుంచి బిందెలతో మోసుకెళ్ళినవే. మోసినవాళ్ళు పొదుపుగానే వాడతారు కదా. ఇప్పుడు ప్రతి గదికీ షవర్, ఫ్లష్. కొండ లోపల మెత్తటి మట్టి పొరలున్నాయి, తడి తగిలితే అవి జారతాయి. పైన రాళ్ళేమో చాలాచోట్ల సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినవి. కింద కదిలితే పైన నిలబడవు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 1996లోనే దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. 2013లో యునెస్కో గుర్తింపు వచ్చింది, అయినా 2024 ఆగస్టు వానలకు గోడలో కొంత కూలింది. బయట దిగండి, నడిచి వెళ్ళి చూడండి.

బేగంబజార్ కుర్రాడు: బ్రదర్, ఇది వినీవినీ విసుగొచ్చింది. ఆ కోటలో వేల మంది కాపురముంటున్నారు. తరతరాలుగా అక్కడున్న బ్రాహ్మణ, రాజపుత్ర కుటుంబాలు. పై రెండు గదులు అద్దెకిచ్చుకుని బతికేవాళ్ళను "మీ ఇంటికి ఎవరూ రారు" అంటే ఏం చేస్తారు? తాళం వేసి కిందికి దిగిపోతారు.

ఆ తర్వాత ఎలా ఉంటుందో ఆ టూర్‌లోనే కనిపిస్తుంది. పట్వాల హవేలీలు ఐదు. గుమాన్‌చంద్ పట్వా అనే వ్యాపారి తన ఐదుగురు కొడుకుల కోసం 1805లో మొదలుపెట్టించాడు. జరోఖాల, అంటే గోడ బయటికి పొడుచుకొచ్చిన కిటికీల, చెక్కుడు పని చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఒప్పుకుంటా. కానీ లోపల కాపురం లేదు. టికెట్ కొని మెట్లెక్కి దిగి వచ్చేయడమే. అదే నథ్మల్ హవేలీకి వెళ్ళండి, ఆ వంశం వాళ్ళు ఇంకా అక్కడే ఉంటారు. కోటను కూడా పట్వా హవేలీలా ఖాళీ చేసేద్దామా?

వాల్తేరు పిన్ని: కృష్ణాతీరం, ముందు ఆ టూర్ సంగతి సరిగ్గా కనుక్కో నాన్నా. మాకు దొరికిన గైడ్ జైన గుళ్ళను పావుగంటలో చుట్టబెట్టి, తిన్నగా శాలువాల కొట్టుకు తీసుకెళ్ళి గంటసేపు కూర్చోబెట్టాడు. ఆ కొట్టువాడు పెట్టిన టీ మాత్రం బాగుంది. గుళ్ళలో యాత్రికులను పొద్దుటి పూటే లోపలికి రానిస్తారు, తోలు బెల్టులు, పర్సులు బయట వదలాలి. మీ నాన్నగారికి ముందే చెప్పు, లేకపోతే గుమ్మం దగ్గర ఆయన ప్యాంటు పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. కోటలోకి ఏటవాలు రాతి బాట, నున్నగా అరిగి ఉంటుంది. పెద్దవాళ్ళకు అక్కడ జాగ్రత్త.

ఇసుకరాయి: కుర్రాడు గారూ, జనం ఉండకూడదని నేనన్లేదు. ఇంటి మనుషుల వాడకం వేరు, హోటల్ వాడకం వేరు. రోజూ మారే దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతకడానికే ఎన్ని నీళ్ళు పోతాయి?

పైపుల శాస్త్రి: నీటి సరఫరా పనుల్లో ఉన్నవాణ్ణి, రెండు ముక్కలు చెబుతా. కొండకు హాని చేసేది వాడిన నీళ్ళు కాదు, కారిన నీళ్ళు. వంద బకెట్లు వాడినా అవన్నీ గొట్టంలోంచి కొండ కిందికి పోతే ఇబ్బంది లేదు. పది బకెట్లు వాడి, జాయింటు దగ్గర రెండు కారినా అది నేరుగా మట్టిలోకే. ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన పడే ఊరికి తగ్గట్టు కట్టిన ఇళ్ళవి. వాటికి తర్వాత పైపులూ మరుగుదొడ్లూ తగిలించారు. కాబట్టి గొడవ హోటలా ఇల్లా అని కాదు, ఎవరి గొట్టం ఎక్కడ కలుస్తోందన్నది. ఇంట్లో కుళాయి కారినా కొండకు అంతే నష్టం.

బేగంబజార్ కుర్రాడు: శాస్త్రి గారు సరైన మాట అన్నారు. రక్షిత కట్టడం కాబట్టి ఆ గొట్టం మార్చుకోవాలన్నా పురావస్తు శాఖ అనుమతి కావాలి. కాగితాల కోసం తిరిగే ఓపిక లేక దొంగచాటుగా సిమెంటు పూస్తారు, అది ఇంకా చేటు. మన వరంగల్ ఖిలాలోనూ, గోల్కొండ గోడల లోపలా జనం ఉంటున్నారు కదా, అక్కడ ఇల్లు బాగుచేసుకోవాలంటే ఎంత తిప్పలో ఎవరినైనా అడగండి.

ఇసుకరాయి: సరే, వాడకం కన్నా లీకేజీదే ఎక్కువ పాపం అనుకుందాం. అయితే బస చేసేవాడికి తను దిగిన హోటల్ గొట్టం ఎటు పోతోందో ఎలా తెలుస్తుంది? తెలిసే దారి లేనప్పుడు దిగకపోవడమే మేలు. గోడ కూలితే ఆ కింద ఉండేదీ ఊరి జనమే.

పైపుల శాస్త్రి: ఆ పాయింటుకు నా దగ్గర జవాబు లేదు. అడగడం మాత్రం అడగొచ్చు. మురుగు దేనిలో కలుస్తుందంటే సూటిగా చెప్పలేని హోటల్‌ను వదిలేయండి.

కృష్ణాతీరం: అందరికీ థాంక్స్. పిన్నిగారూ, బెల్టు సంగతి నాన్నకు చెప్పేశా, మొహం మాడ్చుకున్నారు. టూర్ అతనికి ఫోన్ చేసి బస తీసేయమన్నాను. గడీసర్ వైపు హోటల్ చూస్తున్నాం. గైడ్‌గా కోట లోపల ఉండే మనిషే కావాలని, కొట్లకు తీసుకెళ్ళొద్దని చెప్పాను. కొట్ల మాటకు కాస్త నసిగాడు, రేటు కొంచెం పెంచి ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం భోజనం కూడా కోటలోనే ఎవరింట్లోనైనా ఏర్పాటు చేయమన్నా. ఆ డబ్బు లోపలివాళ్ళకే పోతుంది కదా.

వాల్తేరు పిన్ని: బాగుంది. నథ్మల్ హవేలీ దగ్గర మాత్రం గైడ్‌ను తొందరపెట్టనివ్వకు. 1885లో అన్నదమ్ములిద్దరు చెరో సగం కట్టారు. వాకిలికి అటూ ఇటూ రాతి ఏనుగులుంటాయి. ముందు రెండు సగాలూ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది. కుడివైపు ఒక కిటికీ పట్టుకుని ఎడమవైపు దాని జోడీ వెతుకు. చెక్కడం ఎక్కడా కలవదు. మా ఆయన చాలాసేపు వెతుకుతూ నిలబడిపోయారు.

బేగంబజార్ కుర్రాడు: భోజనం కోటలోనే అన్నారు. మరి ఆ కంచాలు కడిగిన నీళ్ళు ఎటు పోతాయి ఇసుకరాయి గారూ? వాటికీ లెక్క చెప్పండి.

ఇసుకరాయి: నాలుగు కంచాల నీళ్ళూ, రెండు రాత్రుల షవర్లూ ఒకటేనా బ్రదర్? మీకు తెలుసు కాదని. ఎలాగూ ఆ ఇంట్లో వాళ్ళూ తింటారు, గిన్నెలు కడుగుతారు.

బేగంబజార్ కుర్రాడు: తింటారు. అతిథులు వస్తున్నంత కాలం అక్కడే ఉండి తింటారు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.